సైన్యం డోజరు కొని బాగుచేసుకోవడం – 4వ పాఠం: యార్డు తనిఖీ, చైను కొలత

గత పాఠంలో ప్రభుత్వ పాత సామాన్లను ఆన్‌లైన్లో వేలం వేసే సంస్థ ఎంఎస్‌టీసీ వేలం కేటలాగు ఎలా చదవాలో, ముందస్తు డిపాజిట్ ఎలా కట్టాలో, "ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే" అనే షరతుకు అర్థమేమిటో చూశాం. ఆ షరతు ఉంది కాబట్టే ఈ పాఠం అవసరం. లాటు, అంటే వేలంలో మీరు పాడుకున్న సరుకు, మీ పేరున ఖాయమయ్యాక ఇంజన్లో నీళ్ళున్నాయనో, స్టార్టరు లేదనో ఫిర్యాదు చేసే దారి ఉండదు. వేలానికి ముందు ఇచ్చే తనిఖీ రోజుల్లో మీ కళ్ళతో చూసిందీ, మీ చేత్తో కొలిచిందే మీకు ఆధారం.

మనం ఉదాహరణగా పెట్టుకున్న బండి బీఈఎంఎల్ అనే యంత్రాల తయారీ సంస్థ చేసిన డి80ఏ-12. డిజైను జపాన్ కంపెనీ కోమట్సుది, తయారీ కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో. సైన్యంలో, సరిహద్దు రోడ్ల సంస్థలో ఈ కుటుంబం డోజర్లు దశాబ్దాల పాటు కొండలు తొలిచాయి. దీన్నే ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మోటారు వాహనాల నిబంధనల్లో నిర్మాణ యంత్రాలకు ఇచ్చిన నిర్వచనం రబ్బరు టైర్లు, రబ్బరు ప్యాడ్లు, స్టీలు డ్రమ్ము చక్రాల మీద నడిచే వాటికి సంబంధించింది. ఇనుప చైను డోజరు అందులోకి రాదు. బ్యాక్‌హో లోడరు కొన్నవాళ్ళు పడే రిజిస్ట్రేషన్ టెన్షన్ మనకు ఉండదు. కాకపోతే ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్ళాలంటే లోబెడ్ ట్రైలరు తప్పనిసరి. ఆ ఖర్చు బిడ్డు లెక్కలో ముందే వేసుకోవాలి.

ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర దొరికే పాత డోజరు పనిచేసి పనిచేసి అరిగి ఉంటుంది. సైన్యం డోజరు చాలాసార్లు నిలబడి పాడై ఉంటుంది. ఈ తేడా బాగా తలకెక్కించుకోండి, ఈ పాఠంలో మిగతాదంతా దాని మీదే ఆధారపడింది. యూనిట్‌లో ఉన్నన్నాళ్ళూ అది అవసరానికే బయటికి వస్తుంది, ఆయిలు, ఫిల్టర్లు లెక్క ప్రకారం మారతాయి. అందుకే అవర్ మీటరులో తక్కువ గంటలు కనిపించి కొనేవాళ్ళకు ఆశ పుడుతుంది. ఇక పనికిరాదని కాగితం మీద తేలాక అదే బండి వేలం దాకా ఎండలో, వానలో ఆరుబయట నిలబడుతుంది. ఆ కాలాన్ని మీటరు చూపించదు. దాన్ని మనమే బండి మీద చదవాలి.

చాలా డిపోల్లో కెమెరా ఉన్న ఫోను గేటు దగ్గరే ఇచ్చేయాల్సి వస్తుంది. ఫోటోలు తీసుకుని ఇంటికొచ్చి చూద్దాంలే అనుకుంటే కుదరదు. గుర్తింపు కార్డు, 5 మీటర్ల స్టీలు టేపు, టార్చి, చిన్న అద్దం, తెల్లటి గుడ్డ ముక్కలు, నోటుపుస్తకం, మెత్తని పెన్సిలు తీసుకెళ్ళండి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు పలకల మీద సైన్యం పచ్చ రంగు పూసేసి ఉంటే గీకవద్దు, అది ఇంకా మీ సొత్తు కాదు. పల్చటి కాగితం పలక మీద పరిచి పెన్సిలు అడ్డంగా రుద్దండి. అంకెలు కాగితం మీదికి వచ్చేస్తాయి. రేపు సామాను కొనేటప్పుడు ఈ నంబర్లు లేకపోతే ఏ దుకాణంలోనూ సరైన భాగం అడగలేరు.

యార్డులో నేను ముందు చూసేది సైలెన్సర్ గొట్టం. దాని మీద మూత గానీ బోర్లించిన డబ్బా గానీ ఉందా? లేకపోతే ప్రతి వానకూ నీళ్ళు నేరుగా లోపలికి దిగాయని అనుకోవాలి. ఇంజను ఆగినప్పుడు ఏదో ఒక సిలిండరులో ఎగ్జాస్టు వాల్వు తెరుచుకునే ఉంటుంది. నీళ్ళు ఆ దారిన పిస్టను మీదికి చేరి, పిస్టను కదిలే గొట్టానికి, అంటే లైనరుకు, తుప్పు పట్టిస్తాయి. తర్వాత డిప్‌స్టిక్ తీసి తెల్ల గుడ్డకు తుడవండి. ఆయిలు పాలు కలిసినట్టు ఉంటే నీళ్ళు చేరాయి. నల్లగానే ఉన్నా మట్టం గుర్తు కంటే పైకి ఉంటే ఇంకా అనుమానించాలి. నీళ్ళు బరువు కాబట్టి అడుగున చేరి ఆయిలును పైకి ఎత్తుతాయి. పుల్లకు అంటేది పైనున్న ఆయిలే. డ్రెయిన్ బోల్టు వదులు చేస్తే నిజం తెలుస్తుంది గానీ, యార్డులో ఆ పని చేయనివ్వరు. ఇంటికి తెచ్చాక సెల్ఫు కొట్టకముందే చేయాల్సిన మొదటి పని అదే.

బ్లేడు ఎత్తే హైడ్రాలిక్ సిలిండర్ల రాడ్లు చూడండి. బయటికి చాచి ఉన్న భాగంలో క్రోమ్ పూత మీద చుక్కలు చుక్కలుగా తుప్పు పట్టి ఉంటుంది. గోరుతో నిలువుగా గీయండి. గోరు తట్టుకుంటే ఆ గుంట సీలును కోసేస్తుంది, రాడ్డుకు మళ్ళీ క్రోమ్ వేయించాల్సిందే. బ్లేడు నేల మీద ఆని లేకుండా గాలిలో ఉంటే దాని కిందికి చెయ్యి కూడా పెట్టవద్దు.

తర్వాత ఏమేం లేవో రాసుకోండి. బ్యాటరీలు ఉండవు, వాటి గురించి బాధ పడొద్దు. 24 వోల్టుల బండి కాబట్టి రెండు 12 వోల్టుల బ్యాటరీలు కొనాలి, అంతే. అసలు చూడాల్సినవి స్టార్టరు, ఆల్టర్నేటరు, ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు, హైడ్రాలిక్ పంపు. పక్క బండి నడవడం కోసం వీటిని ఊడదీసి వాడుకుని ఉండొచ్చు. ఊడదీసినందుకు కాదు, ఊడదీశాక ఆ రంధ్రాన్ని మూయకుండా వదిలేసి ఉంటే భయపడాలి.

ఇక చైను. క్రాలర్ యంత్రం జీవితకాలంలో అయ్యే రిపేరు ఖర్చులో సగం దాకా అండర్‌క్యారేజే, అంటే చైను, రోలర్లు, చక్రాలు ఉండే కింది భాగమే, తింటుంది. అదృష్టవశాత్తూ ఇంజను లోపలి సంగతి లాగా ఇది ఊహించేది కాదు, టేపుతో కొలిచి అంకెల్లో పట్టుకోవచ్చు.

కొత్త చైనులో లింకులను కలిపే ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు ఉండే దూరాన్ని పిచ్ అంటారు. ఈ తరగతి డోజరుకు అది సుమారు 216 మిల్లీమీటర్లు. చైను సాగిందని అంటాం గానీ ఇనుము సాగదు. పిన్నుకూ దాని మీద తొడుగులా ఉండే బుష్షుకూ మధ్య లోపల అరిగి, ఆ ఖాళీ దూరంగా బయటపడుతుంది. ఒక్క లింకు కొలిస్తే టేపు తప్పు, మన కంటి తప్పు అందులో కలిసిపోతాయి. అందుకే నాలుగు లింకులు కలిపి కొలవాలి. మొదటి పిన్ను ఎడమ అంచు దగ్గర టేపు పెట్టి, ఐదో పిన్ను ఎడమ అంచు దాకా లాగండి. కొత్తదైతే 864 రావాలి. చైను రెండు కొసలను కలిపే మాస్టరు పిన్ను ఉన్న భాగాన్ని కొలతలోకి తీసుకోవద్దు.

ఆగిపోయిన బండితో ఇక్కడ ఒక చిక్కుంది. నడిచే బండి అయితే చైనును బిగువుగా లాగి కొలుస్తాం. యార్డులో అది కుదరదు. వదులుగా వేలాడే చోట కొలిస్తే అరుగుదల ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది. ముందున్న పెద్ద చక్రం ఐడ్లరుకూ, చైనును పైన మోసే కేరియర్ రోలరుకూ మధ్య, నేల మీద రోలర్ల కింద, రెండు చోట్లా కొలిచి ఎక్కువ వచ్చిన అంకెనే నమ్మండి.

లింకుకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరిగితే ఆ చైను హద్దుకు వచ్చిందని లెక్క. అంటే నాలుగు లింకులకు 12. కొలత 870 వచ్చిందనుకోండి, 6 పెరిగింది, 50 శాతం అరిగింది. 876 దాటితే పిన్నులు, బుష్షులు ఊడదీసి చైను ప్రెస్సు మీద అరవృత్తం తిప్పించాలి. అరగని వైపు, చైనును తిప్పే పళ్ళ చక్రం స్ప్రాకెట్ పళ్ళకు తగిలేలా వస్తుంది కాబట్టి చైనుకు ఇంకో విడత ఆయుష్షు దొరుకుతుంది. కానీ తిప్పడం ఒకసారే. కాబట్టి బుష్షు చుట్టూ వేలు పోనిచ్చి చూడండి. ఒక్క వైపే పల్లం తగిలితే ఇంకా తిప్పలేదు. రెండు వైపులా తగిలితే ఎవరో ఇదివరకే తిప్పేశారు, మీరు కొనాల్సింది పూర్తి కొత్త చైను. బుష్షు ఎక్కడైనా పగిలి ఉన్నా అంతే.

స్ప్రాకెట్ పళ్ళు సూదిగా తేలి ఉంటే చైను చాలాకాలం సాగి నడిచిందని అర్థం. కేరియర్ రోలరు ఒక చోట చదునుగా అరిగి ఉంటే అది తిరగకుండా బిగుసుకుపోయి, చైను దాని మీద రాసుకుంటూ పోయింది. రోలర్ల షాఫ్టు చుట్టూ జిడ్డు దుమ్ము గడ్డకట్టి ఉంటే సీలు పోయింది. బురదలో ఏళ్ళు నిలిచిన బండికి ఈ సీళ్ళు తుప్పు పట్టి, నడిపిన తర్వాత ఒక్కొక్కటిగా కారడం మొదలుపెడతాయి. నేలలోకి కూరుకుపోయిన బండికి కింది రోలర్లన్నీ మార్చాల్సి వస్తుందనే లెక్క వేయండి.

చైను బిగువు సరిచేసే గ్రీజు వాల్వును యార్డులో ఎవరు చెప్పినా ముట్టుకోవద్దు. లోపల గ్రీజు భయంకరమైన ఒత్తిడితో ఉంటుంది. రేపు మీ సొంత బండి మీద కూడా ఒక చుట్టుకు మించి వదులు చేయకూడదు, ముఖం ఎప్పుడూ దానికి ఎదురుగా పెట్టకూడదు. ఆ వాల్వు ఊడి ఎగిరితే ప్రాణం పోతుంది. సరైన బిగువు ఎలా ఉండాలంటే, ఐడ్లరు నుంచి కేరియర్ రోలరు దాకా తిన్నని బద్ద ఆనించినప్పుడు మధ్యలో చైను 20 నుంచి 30 మిల్లీమీటర్లు దిగాలి.

నన్నడిగితే, చైను పూర్తిగా అరిగిన బండినైనా కొనమంటాను. దాని ఖర్చు ముందే తెలుసు. ఆ సొమ్ము బిడ్డులోంచి తగ్గించుకుంటే సరిపోతుంది. సైలెన్సర్ తెరిచి, ఇంజెక్టర్ రంధ్రాలు మూయకుండా వదిలేసిన బండిని మాత్రం చైను కొత్తగా మెరుస్తున్నా తుక్కు ధరకు మించి పాడవద్దు. తోడుగా తెలిసినవాళ్ళు ఉంటే ఇంకా మంచిది. సైన్యం బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగాన్ని ఈఎంఈ అంటారు. దాని మిలటరీ కాలేజీ, ఈఎంఈ సెంటరు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆ విభాగంలో ఉద్యోగం చేసి రిటైరైన తెలుగువాళ్ళు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. ఈ బండ్లను చేత్తో విప్పి బిగించిన అనుభవం వాళ్ళది. అలాంటి పెద్దాయనను గౌరవంగా అడిగి, దారి ఖర్చులు పెట్టుకుని తీసుకెళ్ళండి.

అభ్యాసం: మీ దగ్గర్లో చెరువు పూడిక పనో రోడ్డు పనో జరుగుతుంటే ఓనరును అడిగి, ఆపరేటరు బండి ఆపి దిగి వచ్చాక రెండు వైపులా నాలుగేసి లింకులు కొలవండి. ఆ మోడల్ కొత్త పిచ్ ఎంతో ఆపరేటరునే అడగండి, అన్ని డోజర్లకూ 216 ఉండదు. తర్వాత ఈ లెక్క చేయండి: మన డి80 కి ఎడమ చైను 868, కుడి చైను 873 వచ్చాయి. ఏ వైపు ఎంత శాతం అరిగింది? రెండు వైపులకూ ఇంత తేడా రావడానికి ఆ బండి ఎలాంటి పని చేసి ఉండాలి? జవాబు రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో దాన్ని సరిచూసుకుని, బండిని ఇంటికి దించాక సెల్ఫు కొట్టకుండా ఇంజన్ను చేత్తో తిప్పే పని మొదలుపెడదాం. దానికి పొడవాటి పిడి ఉన్న సాకెట్టు సెట్టు, 5 లీటర్ల పల్చటి ఆయిలు, ఇంజెక్టర్లు తీశాక రంధ్రాలు మూయడానికి శుభ్రమైన గుడ్డలు సిద్ధం చేసుకోండి.