క్యారమ్ బోర్డు ఇంట్లో కుదరట్లేదా? సైజుతో వచ్చే ఇబ్బందులు, వాటి పరిష్కారాలు

ఎండాకాలం సెలవులొచ్చాయంటే కడపలో మధ్యాహ్నం పూట పిల్లల్ని బయటికి పంపలేం. పదకొండు దాటితే వీధిలో కాలు పెట్టేటట్టు ఉండదు. చాలా ఇళ్లలో క్యారమ్ బోర్డు మాట లేచేది అప్పుడే. అయితే ముచ్చటపడి కొన్న బోర్డు నెల తిరక్కముందే బీరువా వెనక్కి చేరుతుంది. పిల్లలకు మోజు తీరిపోయిందని పెద్దవాళ్లు అనుకుంటారు. నేను చూసినంతలో మోజు తీరడం కాదు, చాలాసార్లు సైజే అసలు తంటా. బోర్డు గదికి సరిపడి ఉండదు, లేదా ఆడేవాళ్ల చేతికి సరిపడి ఉండదు. ఇప్పటికే కొన్నవాళ్లు కింద మీ ఇబ్బంది ఎక్కడుందో చూసుకోండి. కొనబోయేవాళ్లు మాత్రం మొదటిది తప్పకుండా చదవండి.

"37 అంగుళాల బోర్డు తెచ్చాం, అయినా ఆట పెద్దగా అనిపించట్లేదు"

షాపులో చెప్పే 26, 32, 33, 35, 37 అనే అంగుళాలు చెక్క ఫ్రేముతో కలిపి బయటి కొలత. కాయిన్లు తిరిగే జాగా వేరు. పోటీలకు వాడే బోర్డులో ఆ లోపలి చదరం ఒక్కో వైపు 73.5 నుంచి 74 సెంటీమీటర్లు, అంటే సుమారు 29 అంగుళాలు ఉండాలి. దానికి చుట్టూ 2 అంగుళాల ఫ్రేము బిగిస్తే బయటి కొలత 33 అవుతుంది. 3 అంగుళాలది బిగిస్తే 35, 4 అంగుళాలది బిగిస్తే 37. మూడింటిలోనూ లోపల అదే 29. మీరు ఎక్కువ డబ్బు పెట్టింది చెక్కకే, ఆడే జాగాకు కాదు.

ఆ చెక్క వృథా అని కాదు. ఫ్రేము బరువుగా ఉంటే స్ట్రైకర్ తగిలినప్పుడు బోర్డు కదలదు, రీబౌండు నిక్కచ్చిగా వస్తుంది. అయితే పోటీ నిబంధనల్లోనే ఫ్రేము వెడల్పు 6.35 నుంచి 7.6 సెంటీమీటర్లు, అంటే రెండున్నర నుంచి మూడు అంగుళాలు. ఇంటికి అంతకంటే అక్కర్లేదు.

షాపులో "అన్నా, వీటిల్లో ఏది పెద్దది?" అని అడిగితే ఆయన 37ది చూపిస్తాడు. ఆయన చెప్పేది నిజమే. మీరు అడగాల్సింది "లోపల ఎంతుందన్నా?" అని. టేపు తీసి ఫ్రేము లోపలి అంచు నుంచి ఎదుటి లోపలి అంచు దాకా కొలవండి. 32 అని అమ్మేవాటిలో కొన్నిటికి లోపల 29 ఉంటుంది, కొన్నిటికి ఉండదు. పైన రాసిన అంకె చూసి డబ్బులు తియ్యొద్దు.

నా మాట ఒక్కటే: జాగా తక్కువైతే ఫ్రేము వెడల్పు తగ్గించుకోండి, లోపలి 29 మాత్రం వదులుకోవద్దు. 37ది పట్టని చోట 33ది పడుతుంది, ఆట ఒక్క అంగుళం కూడా తగ్గదు.

"బోర్డు పట్టింది, మనుషులు పట్టలేదు"

మంచం ఒక పక్క, టీవీ స్టాండు ఇంకో పక్క, మధ్యలో బోర్డు. ఇద్దరు ఆడుతుంటే బాగానే ఉంటుంది. నలుగురు కూర్చునేసరికి ఒకరి మోచేయి గోడకు కొట్టుకుంటుంది, ఇంకొకరు మంచం అంచున ఒరిగి కొడతారు. ఆ మూలలో కూర్చున్నవాళ్లే రోజూ ఓడిపోతుంటే పోట్లాట రాక మానదు.

ఇక్కడ జరిగింది బోర్డును కొలిచి మనిషిని కొలవకపోవడం. కుర్చీలో కూర్చుని, స్ట్రైకర్ కొట్టి, చెయ్యి వెనక్కి తీసుకోవడానికి ఒక్కో వైపు రెండున్నర అడుగులు కావాలి. బోర్డు మూడడుగులు, రెండు పక్కలా రెండున్నర చొప్పున అయిదు. మొత్తం ఎనిమిది అడుగుల చదరం. నేలమీద బాసిపట్లు వేసుకుని కూర్చుంటే ఒక్కో వైపు రెండడుగులు చాలు, ఏడడుగుల చదరంలో సరిపోతుంది. ఈ రెండు లెక్కల్లో మీ ఇంటికి ఏది కుదురుతుందో కొనకముందే తేలాలి.

నేలమీద సుద్దముక్కతో 35 అంగుళాల చదరం గీయండి. నాలుగు వైపులా నలుగురిని కూర్చోబెట్టి, కొట్టినట్టు చెయ్యి ఆడించమనండి. ఎవరి మోచేయి దేనికి తగులుతుందో అప్పుడే తెలిసిపోతుంది. పాత మిద్దె ఇళ్లలో పడసాల పొడుగ్గా, వెడల్పు తక్కువగా ఉంటుంది. అక్కడ నలుగురి ఆట కుదరదు, ఇద్దరికి మాత్రం భేషుగ్గా ఉంటుంది: పొడుగు వైపు ఎనిమిది అడుగులు, అడ్డం బోర్డుకు అటూఇటూ మోచేయి ఆడేంత ఖాళీ ఉంటే చాలు. నలుగురూ కలిసే రోజున సాయంత్రం ఎండ తగ్గాక మిద్దె మీదికి తీసుకుపోవచ్చు. గాలి వీచే రోజైతే పౌడర్ ఎగిరి, దుమ్ము బోర్డు మీద పడుతుంది, ఆ రోజుకు లోపలే ఆడుకోండి.

తలుపులోంచి పడుతుందో లేదో అని టెన్షన్ పడక్కర్లేదు. బోర్డును నిలువుగా పట్టుకుంటే ఎంత ఇరుకు మెట్ల మీదైనా పోతుంది.

"చిన్నోడి చెయ్యి అందట్లేదు, అందుకే 26ది తెచ్చాం"

చాలామంది తల్లిదండ్రులు చేసేది ఇదే. 26లోంచి రెండు పక్కలా 2 అంగుళాల ఫ్రేము తీసేస్తే లోపల 22 మిగులుతుంది. 22 అంగుళాల చదరం, 29 అంగుళాల చదరంలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. తొమ్మిది తెల్లవి, తొమ్మిది నల్లవి, ఒక రెడ్డు అందులో పేరిస్తే కొట్టిన ప్రతి దెబ్బకూ ఏదో ఒకటి హోల్లో పడుతుంది. మొదట్లో పిల్లాడికి సంబరమే. కానీ వాడి చేతికి ఆ బలం, ఆ కోణాలు అలవాటై, స్కూల్లో పెద్ద బోర్డు ముందు కూర్చున్నప్పుడు స్ట్రైకర్ సగం దూరంలో ఆగిపోతుంది.

చెయ్యి అందకపోవడానికి ముఖ్యమైన కారణం ఫ్రేము. బేస్ లైన్ (స్ట్రైకర్ పెట్టి కొట్టే జంట గీతలు) కింది గీత ఫ్రేము లోపలి అంచు నుంచి 10.15 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. 4 అంగుళాల ఫ్రేమైతే ఇంకో 10 సెంటీమీటర్లు కలిసి, బయటి అంచు నుంచి 20 సెంటీమీటర్లు చెయ్యి చాపాలి. 2 అంగుళాల ఫ్రేమైతే 15 చాలు. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఆ 5 సెంటీమీటర్లే పెద్ద తేడా. కాబట్టి పిల్లల ఇంటికి నేను చెప్పేది 33 అంగుళాల బోర్డు, దానితో పాటు కుర్చీ మీద ఒక దిండు.

అయిదారేళ్ల పసిపిల్లలు, జాగా నిజంగా లేని ఒంటి గది ఇల్లు: ఈ రెండు సందర్భాల్లో 26ది తెచ్చుకోవచ్చు. అప్పుడు కింది సంగతి చూసుకోండి.

"స్ట్రైకర్ హోల్లో ఇరుక్కుంటోంది"

చిన్న బోర్డుకు పెద్ద బోర్డు స్ట్రైకర్ వాడుతున్నారు. పాత కాయిన్లు పోయాయని విడిగా సెట్టు తెచ్చిన ఇళ్లలో ఇది తరచుగా వస్తుంది. ప్రామాణిక బోర్డులో హోలు 4.45 సెంటీమీటర్లు, స్ట్రైకర్ 4.13 సెంటీమీటర్లకు మించకూడదు, బరువు 15 గ్రాములకు మించకూడదు. కాయిన్ 3.02 నుంచి 3.18 సెంటీమీటర్లు. అంటే స్ట్రైకరుకు, హోలుకు మధ్య తేడా మూడు మిల్లీమీటర్లే. చిన్న బోర్డులో హోలు ఏమాత్రం చిన్నదైనా ఆ తేడా పోతుంది.

షాపులోనే స్ట్రైకరును రెండు వేళ్లతో పట్టుకుని హోలు మీద పెట్టి వదలండి. అంచులకు రాసుకోకుండా టప్పున వలలో పడాలి. ఒక్క హోలుతో సరిపెట్టుకోకుండా నాలుగింటిలోనూ చూడండి, చవక బోర్డుల్లో నాలుగూ ఒక్కలా ఉండవు. ఇంట్లో ఇప్పటికే ఇరుక్కుంటుంటే హోలును ఆకురాయితో రాయొద్దు. అంచు పెచ్చులూడితే కాయిన్ అక్కడే తట్టుకుని వెనక్కి వస్తుంది. ఆ బోర్డుకు తగిన చిన్న సెట్టు తెచ్చుకోండి, మిగిలిన పెద్ద కాయిన్లను దానితో కలపకండి.

"గంట ఆడేసరికి భుజాలు పీకుతున్నాయి"

బోర్డు ఎత్తు తప్పింది. డైనింగ్ టేబుల్ మీద పెట్టి ఆడేవాళ్లకు ఇది తప్పదు. ఆ టేబులే దాదాపు 75 సెంటీమీటర్లు, దానిపైన బోర్డు మందం. భుజం పైకెత్తి కొట్టాల్సి వస్తుంది. క్యారమ్ స్టాండు ఎత్తు 63.5 నుంచి 70 సెంటీమీటర్ల మధ్య, కూర్చునే కుర్చీ 40 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. ఇంట్లో మామూలు కుర్చీలు చాలావరకు ఈ లెక్కలోనే ఉంటాయి, మార్చాల్సింది స్టాండునే. మడిచే స్టాండు అయితే ఆట అయ్యాక గోడకు చేర్చొచ్చు. ప్లాస్టిక్ స్టూలు, బోర్లించిన బకెట్ మీద పెడితే నాలుగు దెబ్బలకే బోర్డు జరుగుతుంది.

నేలమీద ఆడితే బోర్డు కింద నాలుగు మూలలా ఒకే మందం చెక్కముక్కలు పెట్టండి. లేకపోతే వలలు నేలకు నొక్కుకుపోయి, పడిన కాయిన్ హోల్లోనే పైకి కనబడుతూ ఉంటుంది.

"కాయిన్లన్నీ ఒకే పక్కకు పోతున్నాయి"

మన ఇళ్లలో కడప బండలు, బేతంచెర్ల బండలు పరిచిన నేలలు ఎక్కువ. పాతవైతే ఒక బండ లేచి, ఒక బండ దిగి ఉంటుంది. వరండాలో అయితే నీళ్లు పోవడానికి వాలు పెట్టే కడతారు. అందుకని వెంటనే బోర్డును తప్పు పట్టకండి.

బోర్డు మధ్యలో ఒక గోలీ పెట్టి వదలండి. ఏ పక్కకు దొర్లిందో గుర్తు పెట్టుకుని, బోర్డును పావు వంతు తిప్పి మళ్లీ వదలండి. గోలీ మళ్లీ గదిలో అదే పక్కకు పోతే తప్పు నేలది. బోర్డుతో పాటు దారి మార్చుకుంటే ప్లై, అంటే కాయిన్లు తిరిగే పలక, వంగింది. నేల వాలైతే పల్లంగా ఉన్న కాలు కింద అట్టముక్క మడిచి పెడుతూ, రసమట్టంతో చూసుకుంటే అయిదు నిమిషాల పని. మేస్త్రీ దగ్గర రసమట్టం దొరక్కపోతే ఫోన్లో కూడా అలాంటి యాప్ ఉంటుంది.

ప్లై వంగితే ఇంట్లో సరిచేయడం కష్టం. పెద్ద బోర్డుకు పల్చటి ప్లై వేస్తే త్వరగా వంగుతుంది: 29 అంగుళాల జాగాకు 4 మిల్లీమీటర్ల ప్లై తగదు. నిబంధనల్లో కనీసం 8 మిల్లీమీటర్లు అని ఉంది. చేతిలో డబ్బు కొంచెమే ఉంటే ఫ్రేము వెడల్పులో తగ్గండి, ప్లై మందంలో వద్దు. షాపులో హోలు అంచున ప్లై మందం కనబడుతుంది, స్కేలు పెట్టి చూడండి.

"స్ట్రైకర్ సాగట్లేదు"

మంచి బోర్డు మీద 15 గ్రాముల స్ట్రైకరును గట్టిగా కొడితే ఎదుటి ఫ్రేముకు తగిలి అటూఇటూ మూడున్నర సార్లయినా తిరగాలి. మీ బోర్డు మీద అంత రాకపోతే ముందు పౌడర్ చూడండి. ముఖానికి రాసుకునే పౌడర్ వేస్తే బోర్డు జిడ్డెక్కుతుంది. పొడిబట్టతో అంతా తుడిచి, మెత్తటి బోరిక్ పౌడర్ చిటికెడు చల్లండి. నీళ్లబట్ట, కిరోసిన్ వద్దే వద్దు. అక్టోబరు, నవంబరు నెలల్లో మనకు తుఫాను వానలు పడినప్పుడు ప్లై చెమ్మ పీల్చి ఆట మందగిస్తుంది. అలాంటప్పుడు పౌడర్ ఎక్కువ వేసినా లాభం ఉండదు, చెమ్మ ఆరాలి. దానికోసం ఎండలో పెట్టొద్దు, మన ఎండకు ఫ్రేము అతుకులు విడిపోతాయి. ఫ్యాను కింద ఒక రోజు ఉంచితే చాలు.

బోరిక్ పౌడర్ నోట్లోకి పోతే మంచిది కాదు. పసిపిల్లలున్న ఇంట్లో డబ్బా పై అరలో పెట్టండి, ఆట ముగిశాక తినే ముందు చేతులు కడుక్కోమనండి.