ఓబీఎస్‌లో తెలుగు పేరుపట్టీ మసకబారకుండా: నా అనుభవం

ఓబీఎస్ అనే లైవ్ ప్రసార సాఫ్ట్‌వేర్‌తో తిరుపతి గంగమ్మ జాతర లైవ్ ఇచ్చేటప్పుడు, తెర మీద పేర్లు చూపే పేరుపట్టీ మీద తెలుగు అక్షరాలు అలుక్కుపోయేవి. ‘తాతయ్యగుంట’ అని గుడి పేరు వేస్తే య కింది వత్తు పట్టీ ఎర్రరంగులో కలిసిపోయేది. ఫాంట్ మార్చడం, బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) పెంచడం, ఓబీఎస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, ఏదీ పనిచేయలేదు.

చివరికి కుదిరింది ఇలా. ముందు సెట్టింగ్స్‌లో వీడియో తెరిచి బేస్ కాన్వాస్ (ఓబీఎస్‌లో మనం అమర్చుకునే తెర సైజు), ఔట్‌పుట్ (బయటికి వెళ్లే వీడియో సైజు) రెండూ 1280×720 చేశాను. తర్వాత పట్టీని సరిగ్గా అదే సైజు పేజీలో మొదటి నుంచి గీశాను. పెద్దగా గీసి కుదిస్తే మొదట పోయేది వత్తులే. అక్షరాలు లావుగా, తెల్లగా పెట్టి, వత్తులకు కింద బాగా జాగా వదిలాను. బ్యాక్‌గ్రౌండ్ తీసేసి పీఎన్‌జీగా సేవ్ చేశాను. జేపీజీలో పారదర్శకత ఉండదు. ఓబీఎస్‌లో ఇమేజ్‌గా చేర్చి, కంట్రోల్ ఆర్ నొక్కి అసలు సైజుకు తెచ్చాను. ఆ తర్వాత మూలలు పట్టుకుని లాగకూడదు, ఇదే ముఖ్యం.

మాతంగి వేషం, దొర వేషం అంటూ పేరు మారినప్పుడల్లా ఇమేజ్ ఫైల్ మారిస్తే చాలు, టెన్షన్ లేదు.

1080లో ఇచ్చేవాళ్లు పేజీ కూడా 1920×1080 పెట్టుకోవాలి. అయితే జనం రద్దీలో నెట్ పడిపోతే మాత్రం దీంతో తేడా ఉంటుందని చెప్పలేను.