హాలిఫాక్స్‌కు కొత్తగా వస్తున్నారా? ముందు ఇంటి సంగతి చూసుకోండి

కెనడా తూర్పు తీరంలో నోవా స్కోషియా రాజధాని హాలిఫాక్స్. డల్హౌసీ, సెయింట్ మేరీస్ యూనివర్సిటీల్లో చదువుకోవడానికి వచ్చే పిల్లలు, టొరంటో అద్దెలు భరించలేక ఇటు మారేవాళ్లు, ఉద్యోగాలకు వచ్చే కుటుంబాలు... కొన్నేళ్లుగా ఊరు బాగా పెరిగింది. 2021 జనాభా లెక్కల్లో దాదాపు 4.4 లక్షల మంది, ఆ తర్వాత ఇంకా పెరిగారు. జనం వచ్చినంత వేగంగా ఇళ్లూ రాలేదు, డాక్టర్లూ రాలేదు. అందుకే కొత్తవాళ్లు ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఒకటే. అద్దె ఒక్కటే చూసి ఇల్లు తీసుకోకండి. హీటింగ్ ఏమిటో, బస్సు ఎంత దూరమో తెలిశాకే సంతకం పెట్టండి.

పాత ఇళ్లలో చాలావాటికి ఇల్లు వేడి చేసే ఆయిల్ ట్యాంకు ఉంటుంది. ఆయిల్ మీరే పోయించుకోవాలంటే చలికాలంలో ఒక్కో విడతకు వందల డాలర్లు అవుతాయి. కొన్నిచోట్ల గోడ అడుగున ఎలక్ట్రిక్ బేస్‌బోర్డ్ హీటర్లు ఉంటాయి, ఆ కరెంటు బిల్లు సాధారణంగా మీదే. హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే, ఏసీ లాంటి మెషిన్) ఉన్న ఇంట్లో ఖర్చు తగ్గుతుంది. ప్రకటనలో 'హీట్, హాట్ వాటర్ ఇంక్లూడెడ్' అని ఉంటే అద్దె కాస్త ఎక్కువైనా చాలాసార్లు అదే నయం. లేకపోతే పోయిన జనవరి, ఫిబ్రవరి బిల్లులు చూపించమనండి. మొహమాటపడకండి, ఇది అడగదగ్గ విషయమే.

లీజు కూడా జాగ్రత్తగా చదవాలి. ఇక్కడి చట్టం ప్రకారం సెక్యూరిటీ డిపాజిట్ సగం నెల అద్దెకు మించకూడదు. ఇల్లు చూపించకుండానే డబ్బు పంపమన్నారంటే అది మోసమే అనుకుని వదిలేయండి. ఇండియా నుంచే గది బుక్ చేసుకోవాలన్న టెన్షన్‌లో పిల్లలు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. మొదటి రెండు వారాలకు ఎక్కడైనా తాత్కాలికంగా దిగి, కళ్లారా చూశాక ఇల్లు మాట్లాడుకోవడం మంచిది. ఉన్న అద్దెదారుకు ఏడాదికి 5 శాతం కంటే ఎక్కువ పెంచకూడదన్న పరిమితి 2027 చివరి వరకు ఉంది. అయితే 'ఫిక్స్‌డ్ టర్మ్' లీజు రాసుకుంటే గడువు తీరగానే ఖాళీ చేయాల్సి రావచ్చు. మీ తర్వాత వచ్చేవాళ్లకు ఓనరు ఎంతైనా చెప్పుకోవచ్చు. అందుకే గడువు తర్వాత కూడా దానంతటదే కొనసాగే లీజు దొరికితే వదలకండి.

హాలిఫాక్స్‌కూ డార్ట్‌మౌత్‌కూ మధ్య హార్బర్, దాని మీద రెండు వంతెనలు. 2025 మార్చి నుంచి వాటికి టోల్ లేదు. డౌన్‌టౌన్‌లో పని ఉన్నవాళ్లకు నా సలహా, డార్ట్‌మౌత్ వైపు ఆల్డర్నీ ఫెర్రీకి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు వెతకమని. బస్సు టికెట్టే ఫెర్రీకీ చెల్లుతుంది, పన్నెండు నిమిషాల్లో అవతలి ఒడ్డుకు చేరతారు. క్లేటన్ పార్క్, ఫెయిర్‌వ్యూ వైపు వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ, లేస్‌వుడ్ టెర్మినల్ దగ్గర కాబట్టి బస్సులకు ఇబ్బంది ఉండదు. ఊరి శివార్లలో కారు లేకపోతే కష్టం. శని, ఆదివారాల్లో డ్యూటీ పడేవాళ్లు ఆదివారం బస్సు టైమింగ్స్ కూడా చూసుకుని మరీ ఇల్లు ఎంచుకోవాలి.

పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) మీద వచ్చినవాళ్లు దిగిన వారంలోనే ఎంఎస్ఐ, అంటే ఈ ప్రావిన్సు ప్రభుత్వ ఆరోగ్య బీమా, హెల్త్ కార్డుకు అప్లై చేయండి. స్టూడెంట్లకు అది పదమూడో నెల నుంచే వర్తిస్తుంది, అప్పటిదాకా ప్రైవేటు ఇన్సూరెన్సే దిక్కు. ఫ్యామిలీ డాక్టర్ దొరకడానికి చాలాకాలం పడుతుంది. కార్డు చేతికి రాగానే వెయిటింగ్ రిజిస్ట్రీలో పేరు రాయించుకోండి. ఈలోగా 811కి ఫోన్ చేస్తే నర్సు మాట్లాడతారు. కొన్ని చిన్న జబ్బులకు ఫార్మసిస్టే మందు రాసివ్వగలరు. బీపీ, షుగర్ మందులు వాడే పెద్దవాళ్లను వెంట తెస్తుంటే ప్రిస్క్రిప్షన్లు, పాత రిపోర్టులు తప్పకుండా తెచ్చుకోండి.

చలి సంగతి చెప్పాలంటే, ఇక్కడ అసలు ఇబ్బంది మంచు కంటే ఐసుతోనే. ఉదయం మంచు, మధ్యాహ్నం వాన, రాత్రికి అదంతా గడ్డకట్టి పేవ్‌మెంట్ అద్దంలా అవుతుంది. బూట్లకు తొడుక్కునే ఐస్ క్లీట్స్ కొనండి. సముద్రపు గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న రెయిన్ జాకెట్ కావాలి. తుఫాన్లకు కరెంటు పోతుంది. 2022లో ఫియోనా వచ్చినప్పుడు కొన్ని ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. మూడు రోజులకు సరిపడా నీళ్లు, వండకుండా తినగలిగే తిండి, టార్చి, పవర్ బ్యాంకు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. మంచు పడే రాత్రుల్లో పార్కింగ్ బ్యాన్ ప్రకటిస్తే ఒంటిగంట నుంచి ఆరు గంటల దాకా రోడ్డు పక్కన కారు ఉంచకూడదు.

విశాఖలోనో, కాకినాడలోనో పెరిగినవాళ్లకు సముద్రం కొత్త కాదు. కానీ ఈ అట్లాంటిక్‌ను ఆ ధైర్యంతో చూడకండి. ఆగస్టులో కూడా నీళ్లు చల్లగానే ఉంటాయి. పెగ్గీస్ కోవ్‌లో తడిసిన నల్లరాళ్ల మీద అడుగు పెట్టొద్దని బోర్డులు ఉన్నాయి. అలలు లాక్కుపోయి అక్కడ ప్రాణాలు పోయాయి. ఫొటో కోసమైనా సరే ఆ రాళ్ల మీదికి దిగకండి. గడ్డిలో, అడవి దారుల్లో తిరిగొచ్చాక పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక, జుట్టులో టిక్స్ (రక్తం పీల్చే చిన్న పురుగులు) ఉన్నాయేమో వెతకండి. వాటివల్ల లైమ్ జబ్బు వస్తుంది, ఈ ప్రావిన్సులో అది బాగా ఎక్కువ. పురుగు ఒంటికి అంటుకుని కనిపిస్తే పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగేసి, ఫార్మసీకి వెళ్లండి.

తిండికి లోటేమీ లేదు. సోనా మసూరి, కందిపప్పు, చింతపండు అన్నీ దొరుకుతాయి. తాలింపు వేసేముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, ఎండుమిర్చి పొగకు స్మోక్ అలారం వెంటనే మోగుతుంది. చేపల పులుసు తినాలనిపిస్తే ఇక్కడ ఎక్కువగా దొరికేది హాడక్. అది మెత్తన, ఊరికే విరిగిపోతుంది. పులుసు బాగా మరిగి చిక్కబడ్డాక చివర్లో ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నె తిప్పి దించేయండి. హాలిబట్ అయితే ముక్క గట్టిగా నిలుస్తుంది, ధర మాత్రం ఎక్కువ.