404 సరే, ఏ అడుగులో వచ్చింది?

గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద గదిలో కూర్చుని పనిచేస్తుంటాను. పోయిన వేసవిలో ఒక రాత్రి పదిన్నరకి, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే, టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, డాకర్ ఫైల్లో ఒక్క ప్యాకేజీ పేరు కలిపానంతే, బిల్డ్ పోయింది. ఎగ్జిట్ కోడ్ 100 అంటోంది." డాకర్ ఫైల్ అంటే ప్రోగ్రామ్ నడవడానికి కావలసినవన్నీ కలిపి ఒక ఇమేజ్‌గా కట్టే వంటకపు చీటీ, ఆ కట్టడమే బిల్డ్. గంట నుంచి ఆ 100 గురించే వెతుకుతున్నాడట, పాపం. డెబియన్ లాంటి లినక్స్‌లలో ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఆప్ట్-గెట్ కమాండ్ ఏ కారణంతో ఆగినా చెప్పేది ఆ 100నే. దాన్ని వదిలేసి, లాగ్‌లో పైకి వెళ్లి, 'ఎర్' అని మొదలయ్యే మొట్టమొదటి లైను పట్టుకోవాలి. దాని కింద కనిపించే ఎర్రర్లలో చాలావరకు దాని సంతానమే.

వాడి లాగ్‌లో అక్కడ 404 ఉంది, అంటే అడిగిన ఫైలు సర్వర్లో లేదని. "ఎక్కడొచ్చింది? అప్‌డేట్‌లోనా, ఇన్‌స్టాల్‌లోనా?" అని అడిగాను. అప్‌డేట్ ప్యాకేజీల జాబితా తెస్తుంది, ఇన్‌స్టాల్ ఆ జాబితా చూసి ప్యాకేజీ తెస్తుంది. సగం రోగం ఈ ప్రశ్నతోనే తెలిసిపోతుంది.

ఇన్‌స్టాల్‌లో వస్తే, మీ దగ్గరున్న ప్యాకేజీల జాబితా పాతబడింది. డాకర్ ఫైల్లో ఆప్ట్-గెట్ అప్‌డేట్‌ని ఒక రన్ లైనులో (కమాండ్ నడపమని చెప్పే లైను), ఇన్‌స్టాల్‌ని ఇంకో రన్ లైనులో రాస్తే వచ్చే తంటా ఇది. మొదటి లైను మారలేదు కాబట్టి డాకర్ దాన్ని మళ్లీ నడపదు, క్యాష్‌లో, అంటే గతసారి దాచిపెట్టుకున్న చోట, ఉన్నదే వాడుకుంటుంది. ఈలోగా సర్వర్లో ఆ వెర్షన్ తీసేసి కొత్తది పెట్టేశారు. మూడు వారాల కిందటి లాట్ల చీటీ పట్టుకుని మిర్చి యార్డుకి వెళ్తే ఆ బస్తాలు ఇంకా అక్కడే ఉంటాయా? రెండు కమాండ్లనీ && పెట్టి ఒకే రన్ లైనులో కలపండి. ప్యాకేజీ పేరు మార్చిన ప్రతిసారీ జాబితా కూడా కొత్తగా వస్తుంది. తొందరగా ఉంటే ఆ ఒక్కసారికి నో-క్యాష్ ఆప్షన్‌తో నడపండి, కానీ దాన్నే అలవాటు చేసుకోకండి, ప్రతి బిల్డూ నత్తనడక నడుస్తుంది.

అప్‌డేట్‌లోనే 404 వస్తే, బేస్ ఇమేజ్‌కి, అంటే మీ ఇమేజ్‌కి పునాదిగా తీసుకున్న దానికి, కాలం చెల్లిందేమో చూడండి. డెబియన్ 10, అంటే బస్టర్‌కి ఎల్‌టీఎస్ (దీర్ఘకాల) సపోర్ట్ 2024 జూన్ 30తో ముగిసింది, ప్యాకేజీలు ఆర్కైవ్ సర్వర్‌కి వెళ్లిపోయాయి. ప్యాకేజీలు ఎక్కడినుంచి తేవాలో చెప్పే సోర్సెస్ ఫైల్లో ఆ అడ్రస్ పెడితే బండి కదులుతుంది. నేనైతే బేస్ ఇమేజే మార్చేస్తాను, సెక్యూరిటీ అప్‌డేట్లు రాని దాని మీద కొత్త పని దేనికి?

ఎర్రర్ లేకుండా బిల్డ్ ఊరికే ఆగిపోయిందా? టైమ్ జోన్ల ప్యాకేజీ టీజెడ్‌డేటా మీది ఏ ఖండమని అడిగి, జవాబు కోసం కూర్చుని ఉంటుంది. అన్నిటికీ అవునని చెప్పే మైనస్ వై ఆప్షన్ పెట్టినా ఈ ప్రశ్న పోదు. డెబియన్ ఫ్రంటెండ్ వేరియబుల్‌కి నాన్‌ఇంటరాక్టివ్ అని ఇవ్వాలి, అదీ డాకర్ ఫైల్లో ఎన్వ్‌తో కాదు, బిల్డ్ అయ్యేంతవరకే ఉండే ఆర్గ్‌తో, లేకపోతే తయారైన ఇమేజ్‌లో కూడా అది ఉండిపోతుంది.

సర్వర్ పేరుకి అడ్రస్ చెప్పే డీఎన్ఎస్‌లో పేరు దొరకలేదన్న ఎర్రర్ అయితే రీరన్ నొక్కి బిల్డ్ మళ్లీ నడిపి చూడొచ్చు, చాలాసార్లు పోతుంది. పాత జాబితా క్యాష్‌లో ఉన్నంతసేపూ 404 మాత్రం ఎన్నిసార్లు నొక్కినా కదలదు. మా కుర్రాడు అప్పటికే ఆరుసార్లు నొక్కాడు.