పాత హ్యాచ్‌బ్యాక్‌కి పెద్ద బ్రేక్ బూస్టర్ వేసే ముందు

బ్రేక్ పెడల్ గట్టిగా ఉందని వెంటనే పెద్ద బూస్టర్ (ఇంజిన్ వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచే భాగం) కోసం వెతకకండి. ముందు ఇంజిన్ ఆపి, పెడల్ బిగుసుకునే దాకా నాలుగైదు సార్లు తొక్కండి. కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టే. దిగకపోతే ఇంజిన్ నుంచి బూస్టర్‌కి వెళ్లే వాక్యూమ్ పైపు పగిలిందేమో, అందులో గాలిని ఒకవైపే పోనిచ్చే వన్ వే వాల్వ్ పాడైందేమో చూడండి. చాలాసార్లు అసలు జబ్బు అక్కడే ఉంటుంది. పైపు మారిస్తే వాక్యూమ్‌కి పనికొచ్చేదే వేయాలి, మామూలు రబ్బరు పైపు లోపలికి నొక్కుకుపోతుంది.

అయినా బూస్టర్ మార్చాల్సి వస్తే, దయచేసి పుష్ రాడ్ పొడవు కొలవకుండా బిగించొద్దు. బూస్టర్ నుంచి వచ్చే ఈ రాడ్ కొసకీ, మాస్టర్ సిలిండర్ (బ్రేక్ ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే భాగం) పిస్టన్‌కీ మధ్య సన్నని ఖాళీ ఉండాలి. రాడ్ కాస్త పొడవైనా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు. బ్రేక్ ఆయిల్ తన డబ్బాలోకి (రిజర్వాయర్) తిరిగి వెళ్లే రంధ్రం మూసుకుపోయి, వేడెక్కే కొద్దీ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. పొట్టిదైతే పెడల్ వృథాగా లోపలికి పోతుంది. బిగించాక బండి జాకీ మీద లేపి, పెడల్ తొక్కి వదిలి, చక్రం చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరగాలి.

పెద్ద బూస్టర్ కాలి శ్రమనే తగ్గిస్తుంది, టైర్ల పట్టును పెంచదు. ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు తిరగడం ఆగిపోయి లాక్ కాకుండా చూసే వ్యవస్థ) లేని బండిలో చక్రాలు తొందరగా లాక్ అవుతాయి కాబట్టి మొదట ఖాళీ స్థలంలో, తక్కువ వేగంలోనే తొక్కి చూడండి.