ఫోన్‌లో ఏ ప్రాసెసర్ ఉందో ఇలా తేల్చుకున్నాను

ఒక యాప్‌ను ఏపీకే ఫైల్‌తో (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్) వేసుకోవాల్సి వచ్చింది. ఆర్మ్64-వి8ఏ (64 బిట్‌ది) ఒకటి, ఆర్మ్ఈఏబీఐ-వి7ఏ (32 బిట్‌ది) ఒకటి, రెండు ఫైళ్లున్నాయి. నా ఫోన్‌కు ఏది సరిపోతుంది? సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ తెరిస్తే ‘ఆక్టా కోర్’ అని మాత్రమే ఉంది. అంటే ఎనిమిది కోర్లు ఉన్నాయని. ప్రాసెసర్ పేరు కాదు.

ఫోన్ మోడల్ పేరు కొట్టి వెతకొచ్చు గానీ, దాన్ని పూర్తిగా నమ్మలేం. గెలాక్సీ ఎస్21నే తీసుకోండి: కొన్ని దేశాల్లో ఎక్సినోస్ 2100 ప్రాసెసర్‌తో, మరికొన్ని దేశాల్లో స్నాప్‌డ్రాగన్ 888తో వచ్చింది. పేరు మాత్రం ఒకటే.

అందుకే ఫోన్ లోపలి వివరాలు చూపించే సీపీయూ-జెడ్ యాప్‌ను ప్లే స్టోర్ నుంచి వేసుకున్నాను. ‘ఎస్ఓసీ’ ట్యాబ్‌లో చిప్ పేరు, కోర్ల వేగం వెంటనే కనిపించాయి. చిప్ 64 బిట్‌దే! అయినా అక్కడితో ఆగకండి. ‘సిస్టమ్’ ట్యాబ్‌లో ‘కెర్నల్ ఆర్కిటెక్చర్’ అనే లైను తప్పకుండా చూడండి. ‘ఏఆర్చ్64’ అని ఉంటే 64 బిట్ ఫైల్ వేసుకోవచ్చు. నాకు ‘ఆర్మ్‌వి8ఎల్’ అని చూపించింది. చిప్ 64 బిట్‌దైనా, అందులో వేసిన ఆండ్రాయిడ్ 32 బిట్‌ది అన్నమాట. కొన్ని చవక ఫోన్లలో ఇలా ఉంటుంది, కొనేవాళ్లకు ఇది ముందే చెప్పాలి.

వి7ఏ ఫైల్ దించుకున్నాను, యాప్ ఇన్‌స్టాల్ అయిపోయింది.