మడత డ్రోన్‌లో తేడా వస్తే ఎక్కడ వెతకాలి: లక్షణం, కారణం, పరిష్కారం

ఇంట్లో తయారుచేసుకున్న మడత డ్రోన్ సరిగా ఎగరకపోతే చాలామంది వెంటనే ల్యాప్‌టాప్ తెరిచి సెట్టింగులు మార్చడం మొదలుపెడతారు. అది తర్వాత సంగతి. ముందు డ్రోన్‌ను బల్ల మీద పెట్టి, ఆర్మ్‌ల (మోటార్లను మోసే చేతుల) కీళ్లు ఒక్కొక్కటీ చేత్తో పట్టి చూడండి. మడతపడే డ్రోన్‌లో ఎలక్ట్రానిక్స్ లోపంలా కనిపించేవి చాలావరకు ఆ కీళ్ల దగ్గరే పుడతాయి. ఇక్కడ చెప్పబోయేది 450 మిల్లీమీటర్ల ఫ్రేము, 16 మిల్లీమీటర్ల కార్బన్ గొట్టాల ఆర్మ్‌లు, 10 అంగుళాల మడత ప్రొపెల్లర్లు, 4ఎస్ లైపో (నాలుగు సెల్‌ల లిథియం పాలిమర్) బ్యాటరీ, ఆర్డుపైలట్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఫ్లైట్ కంట్రోలర్ ఉన్న నాలుగు మోటార్ల డ్రోన్ గురించి. కొలతలు వేరైనా వెతికే పద్ధతి ఇదే. బల్ల మీద ఏ పరీక్ష చేయాలన్నా ముందు ప్రొపెల్లర్లు విప్పేయండి. ఇందులో మినహాయింపు లేదు.

వీడియోలో చెట్లు, కరెంటు స్తంభాలు అలల్లా వణుకుతున్నాయి

ఎక్కువమందిని వేధించేది ఇదే. కెమెరా సెన్సర్ దృశ్యాన్ని ఒక్కసారిగా కాక, పై వరుస నుంచి కింది వరుస దాకా క్రమంగా చదువుతుంది. ఆ కొద్ది వ్యవధిలో కెమెరా వణికితే ఒక్కో వరుస ఒక్కో చోట పడుతుంది. ప్రొపెల్లర్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతూ, ఒక రెక్క కాస్త బరువుగా ఉంటే సెకనుకు 100 కుదుపులు. కెమెరాను నిలకడగా పట్టే గింబల్ మోటార్లు అంత వేగమైన వణుకును ఆపలేవు, దాన్ని పుట్టినచోటే ఆపాలి.

ఆర్మ్ తెరిచి, తాళం వేసి, మోటారు దగ్గర పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకూ నెమ్మదిగా ఊపండి. రెండో చేతి బొటనవేలు కీలు సందు మీద ఉంచండి. కంటికి కనపడని కదలిక కూడా వేలికి తెలుస్తుంది. అలా ఆడుతుంటే బోల్టు రంధ్రం అరిగి ఉండాలి, లేదా వాషర్ పలచబడి ఉండాలి. బోల్టును ఇంకా బిగించడం పరిష్కారం కాదు, కార్బన్ ప్లేటు నలుగుతుంది. రంధ్రంలో సరిగ్గా పట్టే ఇత్తడి బుష్ (చిన్న గొట్టంలాంటి తొడుగు) వేసి, మరలు లేని నున్నటి భాగం రంధ్రంలో కూర్చునే బోల్టు వాడండి. మరలున్న భాగమే రంధ్రంలో ఉంటే అది ఆకురాయిలా కార్బన్‌ను తినేస్తుంది. లోపల నైలాన్ ఉన్న నట్ వాడితే తరచూ మడిచినా బిగువు పోదు.

కీళ్లు గట్టిగా ఉంటే రెక్కలు చూడండి. మడత రెక్క బోల్టు అతిగా బిగిస్తే రెండు రెక్కలూ సమంగా విచ్చుకోవు. రెక్కను అడ్డంగా పట్టుకుంటే తనంతట జారకూడదు, వేలితో తోస్తే కదలాలి. ఆ తర్వాతే గింబల్ రబ్బరు బంతులు, కెమెరాకు ఎన్‌డీ ఫిల్టరు (వెలుతురు తగ్గించే అద్దం). ఫిల్టరు వణుకును మరుగుపరుస్తుంది, పోగొట్టదు.

సరైందో లేదో లాగ్‌లో, అంటే ఫ్లైట్ కంట్రోలర్ రాసుకునే రికార్డులో, నిర్ధారించుకోండి. గాల్లో నిలకడగా ఉన్నప్పుడు వైబ్రేషన్ విలువలు 30 లోపు ఉండాలి. 60 దాటితే ఎత్తు నిలబెట్టుకోవడమే కష్టమవుతుంది, అప్పుడిక ఫొటోల ఊసు ఎత్తకండి.

స్టిక్ వదిలినా డ్రోన్ మెల్లగా ఒక వైపు తిరుగుతోంది

గుండ్రటి గొట్టం క్లాంపులో మెలితిరిగి మోటారు ఒరిగింది. లాగ్‌లో నాలుగు మోటార్లకు వెళ్లే సంకేతాలు పోల్చండి. ఆర్డుపైలట్ అంకెల ప్రకారం ఎదురెదురు మూలల్లోని 1, 2 ఒక స్థాయిలో, 3, 4 మరో స్థాయిలో ఉంటే దోషం ఇదే. అలా కాక ముందున్న 1, 3 ఎక్కువగా ఉంటే కెమెరా వైపు బరువు మొగ్గింది, బ్యాటరీని వెనక్కి జరిపితే చాలు.

మెలిక తీయడానికి ఒక్కో మోటారు తల మీద పొడవాటి సన్నని అల్యూమినియం పట్టీ అడ్డంగా పెట్టి, కాస్త దూరం నుంచి కంటి ఎత్తులో చూడండి. నాలుగూ ఒకే గీతలో కనపడాలి. సరిచేశాక గొట్టం చివర గరుకు కాగితంతో రుద్ది, ఎపాక్సీతో క్లాంపుకు అతికించండి. కార్బన్ పొడి ఊపిరితిత్తులకు హాని, పైగా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. మాస్కు వేసుకోండి, సర్క్యూట్ల దగ్గర రుద్దకండి.

ఒకచోట నిలబడకుండా సుడి తిరుగుతూ దూరం జరుగుతోంది

దిక్సూచి తప్పు చెబుతోంది. దిక్సూచి ఉండే జీపీఎస్ స్తంభం కూడా మడతపడేదైతే, తెరిచిన ప్రతిసారీ అది ఒకే కోణంలో ఆగుతోందా చూడండి. కొద్దిగా పక్కకు తిరిగి ఆగినా దిక్కు మారిపోతుంది. స్తంభానికి ఆపు పిన్ను పెట్టండి. బ్యాటరీ ప్లస్, మైనస్ తీగలను ఒకదానితో ఒకటి పెనవేయండి, వాటి అయస్కాంత ప్రభావాలు చాలావరకు రద్దవుతాయి. దిక్సూచి కాలిబ్రేషన్ (సరిదిద్దడం) డాబా మీద చేయవద్దు, స్లాబులో ఇనుప చువ్వలుంటాయి. కోత అయిన పొలం మంచిది. ఎగరేసే ముందు అది గ్రీన్ జోనేనా (ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల ప్రాంతమేనా) అని ప్రభుత్వ డ్రోన్ మ్యాపులో చూసుకోండి, అక్కడ కూడా పరిమితి 400 అడుగులే.

ఒక మోటారు తిరగకుండా అక్కడే గిలగిల కొట్టుకుంటోంది

ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే సర్క్యూట్) కాలిపోయిందని కొత్తది కొనేయకండి. మోటారుకు వెళ్లే మూడు తీగల్లో ఒకటి, కీలు దగ్గర వంగి వంగి, పైతొడుగు బాగానే ఉండగా లోపల తెగి ఉంటుంది. బ్యాటరీ తీసేసి, ఈఎస్‌సీ చివర మూడు తీగల్లో రెండేసి చొప్పున మల్టీమీటరుతో చూస్తూ ఆర్మ్‌ను మడవండి, తెరవండి. బీప్ ఆగిన చోట తీగ తెగినట్టే. దాన్ని కీలు దగ్గర అతకవద్దు. సోల్డరు పోగుల్లోకి పాకి తీగ గట్టిపడుతుంది, ఆ అంచునే మళ్లీ తెగుతుంది. సన్నని పోగులున్న సిలికాన్ తీగ పూర్తి పొడవున వేసి, కీలు దగ్గర చిన్న వంపు వదలండి. ఆర్మ్ పూర్తిగా తెరిచినప్పుడు కూడా ఆ వంపు బిగుసుకుపోకూడదు.

బ్యాటరీ నిండుగా ఉన్నా పైకి లేవగానే వోల్టేజీ పడిపోతోంది

4ఎస్ నిండితే 16.8 వోల్టులు. లోడు మీద 14 దగ్గరకు వస్తే దించేయాలి. లేచిన వెంటనే అక్కడికి చేరితే, దింపాక బ్యాటరీ కనెక్టరును తాకి చూడండి. వేడెక్కితే సోల్డరింగ్ లోపం, మళ్లీ చేయండి. చల్లగానే ఉంటే బ్యాటరీకి వయసైపోయింది, మార్చాలి. కొత్తదాన్ని వాడని రోజుల్లో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర దాచండి.